విసుక్కోవడానికి తొంభై యూరోలా?

టీనేజీ పిల్లలున్న ఇంట్లో యూరప్ మాట సాధారణంగా సంక్రాంతికి కాస్త ముందు పుడుతుంది. అప్పుడు మొదలుపెడితేగానీ వేసవి సెలవులకి వీసా చేతికి రాదని ఎవరో ఒక బంధువు హెచ్చరించి ఉంటాడు. నాలుగు రాత్రులు, ఒకటే నగరం, ప్యారిస్ గానీ రోమ్ గానీ. పిల్లలు ఇంటర్‌లో పడి మాయమైపోకముందే వాళ్ళకి ప్రపంచం చూపించేయాలి. సంకల్పం మంచిదే, నేను కాదనను. కానీ ఆ వయసు పిల్లలు ఎక్కడికి తీసుకెళ్ళినా విసుక్కుంటారు. ఈఫిల్ టవర్ కిందా విసుక్కుంటారు, ఎల్లమ్మ గుడి కిందా విసుక్కుంటారు. విసుగు ఎలాగూ ఖాయమైనప్పుడు అది ఎక్కడ చవగ్గా దొరుకుతుందో అక్కడికి వెళ్ళడమే గృహస్థు ధర్మం. ఈ ఒక్క కొలబద్ద పెట్టుకుని వెతికితే దక్షిణాదిలో లేపాక్షిని మించిన ఊరు నాకు తగల్లేదు.

ముందు యూరప్ సంగతి. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు. ఆరేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకి సగం, 45. పన్నెండో పుట్టినరోజు కేకు కోసిన రోజు నుంచి పూర్తి రుసుము. వేలిముద్రలు ఇవ్వాల్సింది కూడా ఆ వయసు నుంచే. సరే, పెద్దవాడయ్యాడు కదా అని సంతోషిద్దామంటే, దరఖాస్తు మీద వాడి సంతకం ఒక్కటే చాలదట, మైనరు కాబట్టి అమ్మా నాన్నా ఇద్దరూ ఒప్పుకోవాలట. డబ్బుల దగ్గర పెద్దవాడు, నిర్ణయాల దగ్గర చిన్నవాడు. ప్రపంచంలోని టీనేజీ పిల్లలందరూ తల్లిదండ్రుల మీద చేసే ఫిర్యాదు సరిగ్గా ఇదే. దాన్ని ఇన్ని దేశాలు కలిసి చట్టంగా రాసుకున్నాయి. ఆపైన కనీసం 30,000 యూరోల వైద్య బీమా, రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగు, బ్యాంకు ఖాతా లెక్కలు అన్నీ చూపించాలి. ఇన్ని అడిగిన దరఖాస్తులో ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు: ‘మీకు అసలు రావాలని ఉందా?’ పద్నాలుగేళ్ళ దరఖాస్తుదారుని ఆ మాట అడిగి నిజం రాయమంటే సగం రాయబార కార్యాలయాలు మధ్యాహ్నానికే మూసుకోవచ్చు.

ఇంత ఖర్చు పెట్టాక మొదలవుతుంది అసలు చిక్కు. లక్షలు పోసిన తండ్రి నగరాన్ని చూడడు, కొడుకు మొహం చూస్తాడు. పెట్టిన డబ్బు ఆ మొహంలో వెలుగుగా తిరిగి రావాలి కదా! లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. ఇంట్లో టీవీ అంతకన్నా పెద్దది. దాని ముందొక అద్దం, అద్దం ముందొక అడ్డుకమ్మీ, దాని ముందు ఫోన్లెత్తిన జనం. ఆ ఫోన్ల సందుల్లోంచి ఒక చిన్న మొహాన్ని చూసిన పిల్లని వెంటనే ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగితే ఏం చెబుతుంది? ‘బానే ఉంది’ అంటుంది. ఆ వయసు నిఘంటువులో అది ఘనమైన ప్రశంసే. కానీ యూరోల్లో చెల్లించిన చెవికి అది అవమానంలా వినిపిస్తుంది. ‘ఎంత ఖర్చుపెట్టి తీసుకొచ్చాం...’ అన్న వాక్యం మొదలవుతుంది, దానికి ముగింపు ఎవరూ వినరు. చూడండి, పిల్ల బొమ్మని చూసి విసుక్కోలేదు. తన ఆనందాన్ని ఎవరో మీటరు పెట్టి కొలుస్తున్నారని విసుక్కుంది. అదే పిల్ల స్నేహితురాళ్ళతో కాలేజీ బస్సు కోసం ముప్పావుగంట నిలబడి పకపకా నవ్వుతుంది. అక్కడ టికెట్టూ లేదు, మొహం చూసేవాళ్ళూ లేరు.

లేపాక్షి గొప్పతనం అక్కడే ఉంది. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాదు వాళ్ళయితే బెంగళూరు పోయే రాత్రి రైలెక్కి హిందూపురంలో దిగితే అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లే. కారుకి పోసే డీజిలూ, దారిలో తినే ఉగ్గాణీ బజ్జీ కలిపినా ఏ తండ్రీ బదులుగా కృతజ్ఞత అడగలేని మొత్తం. కాబట్టి పిల్లలకి విసుక్కునే హక్కు సంపూర్ణంగా ఉంటుంది. హక్కు చేతిలో ఉన్నప్పుడు దాన్ని వాడుకోవాలన్న పట్టుదల తగ్గుతుందనేది మనుషుల్లో అన్ని వయసుల వాళ్ళకీ వర్తించే విషయం.

పైగా అక్కడ వాదించడానికి సరుకుంది. ఆశ్చర్యపొమ్మంటే ఆశ్చర్యపోని వయసు, తప్పు పట్టమంటే ప్రాణం లేచొచ్చే వయసు అది. అక్కడి వీరభద్రస్వామి ఆలయ మంటపంలో డెబ్బై దాకా స్తంభాలున్నాయంటారు. వాటిలో ఒక మూలనున్నది నేలకి పూర్తిగా ఆనదు. వచ్చిన ప్రతివాళ్ళూ ఓ తువ్వాలో చున్నీయో ఇటునుంచి దూర్చి అటునుంచి లాగుతారు. బట్ట ఒకచోట సులువుగా జారుతుంది, ఇంకోచోట పట్టేస్తుంది, ఎందుకంటే ఒక మూల రాయి నేలని తాకుతూనే ఉంది. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దీని గుట్టు తేల్చుకోవాలని కదిలించబోతే అప్పటినుంచీ అలా ఒరిగిందని కథ చెబుతారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇక్కడ ఫోను జేబులో పెట్టేస్తాడు. భక్తితో కాదు, అనుమానంతో. కింద ఆనకపోతే పైకప్పు బరువు ఎవరు మోస్తున్నారు? పక్క స్తంభాలా? అలాంటప్పుడు ఇది స్తంభమా, గంటలాగా వేలాడుతున్న అలంకారమా? పీసా గోపురం కూడా ఒక తప్పు మీదే బతుకుతోంది కదా అంటే నిజమే. 1173లో కట్టడం మొదలుపెట్టారు, నేల మెత్తనిది కావడంతో ఒరిగింది, 1990 నుంచి 2001 దాకా మూసేసి మరీ వంపు తగ్గించారు. కానీ అక్కడ పిల్లలు చేయగలిగిందల్లా దూరంగా నిలబడి గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగడం. ఇక్కడ చున్నీ మనది, మోకాళ్ళు మనవి, తీర్పూ మనదే.

ఇక మెడ విషయం. మన పిల్లల మెడలు ముందుకే వంగుతాయన్నది జగమెరిగిన సత్యం. ఈ గుడిలో చిత్రాలు చాలావరకు పైకప్పు మీదే ఉన్నాయి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, పెద్ద వీరభద్రుడు, ఇవన్నీ చూడాలంటే మెడ వెనక్కి వంచక తప్పదు. వైద్యపరంగా ఇదొక్కటి చాలు ప్రయాణం గిట్టుబాటవడానికి. రోమ్ వెళ్ళినవాళ్ళు చూసే వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కప్పు కూడా అంతే కదా అంటారు. ఆ కప్పుని మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేశాడు. లేపాక్షి బొమ్మలు ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలకి, 1529 నుంచి 1542 దాకా ఏలిన అచ్యుతదేవరాయల కాలానివి. అంటే దాదాపు ఒకే తరం మనుషులు రెండు చోట్లా మెడలు నొప్పి పుట్టించుకుంటూ గీశారు. అక్కడ ఫోటోలు నిషేధం, నోరెత్తితే కాపలావాళ్ళు కసురుతారు. ఇక్కడ కప్పు తక్కువ ఎత్తులో ఉంది, చీరల అంచులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. గళ్ళూ, చారలూ, పువ్వులూ, ఒకదానిలా ఇంకొకటి లేని చీరలు. ఆడవాళ్ళకి పక్కకి వాలిన పెద్ద కొప్పులు, మగవాళ్ళకి నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. కథ తెలియని పిల్లలు కూడా ఆ ముస్తాబు మీద వ్యాఖ్యానం చెప్పగలరు. అది పురాణం కాకపోవచ్చు, చూడటమైతే చూశారు కదా.

నాగలింగం కథ మాత్రం అమ్మలు జాగ్రత్తగా వినాలి. ఏడు పడగల పామూ, దాని చుట్టల నడుమ లింగమూ ఒకే బండలో చెక్కినవి. అన్నం ఉడికేదాకా ఊరికే కూర్చోవడమెందుకని శిల్పులు ఆ కాస్త సేపట్లో చెక్కేశారని, బయటికొచ్చి చూసిన తల్లి ముచ్చటపడటంతో దిష్టి తగిలి రాయి పగుళ్ళిచ్చిందని చెబుతారు. భోజనానికి పిలిచేలోపు పిల్లలు ఏం చేయగలరో చెప్పడానికి దీన్ని వాడదామని చాలామంది తల్లులకి నోరు దురద పెడుతుంది. కానీ పిల్లలకి కథ రెండో సగమే నచ్చుతుంది: వాళ్ళ పని చూసి అమ్మ పొంగిపోయి అందరికీ చెప్పడం మొదలుపెట్టగానే పని పాడవుతుంది. ఫ్యామిలీ గ్రూపుల్లో మార్కుల మెమోలు పెట్టే అమ్మలున్న ఇళ్ళలో ఈ పగుళ్ళకి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. కాస్త అవతల సగంలో ఆగిన కల్యాణ మంటపం ఉంది. పెనుకొండ కేంద్రంగా అధికారం చెలాయించిన విరూపణ్ణ గుడికోసం ఖజానా సొమ్ము ఎడాపెడా వాడాడని రాజుకి ఫిర్యాదు వెళ్ళిందట, శిక్ష పడకముందే తన కళ్ళు తానే గోడకేసి కొట్టుకున్నాడట, ఆ ఎర్ర మరకలు ఇవేనట. పిల్లల్లో ఒకరు రక్తమంటారు, ఒకరు రాతిలోని ఇనుమంటారు. అకౌంటెంటు నాన్న ఒక్కడే ఆడిట్ అభ్యంతరం గురించి ఆలోచిస్తాడు. బార్సిలోనాలో 1882లో మొదలై తరాల తరబడి సాగిన సగ్రడా ఫమీలియా చర్చిని కూడా జనం క్యూలు కట్టి చూస్తారు, నిజమే. కానీ నిధులు ఎందుకు ఆగాయో చెప్పే కథ అంత రక్తి కట్టదు.

‘అయితే పిల్లలకి ప్రపంచం తెలియొద్దా?’ అనేది గట్టి ఆక్షేపణే. కానీ మనమెవరమో మర్చిపోకూడదు. తెలుగిళ్ళలో పిల్లవాడు పుట్టగానే పెట్టే ఊయలకి ఒక తాడు ఎంఎస్ వైపు కట్టి ఉంటుంది. ఇవాళ మనం బలవంతాన చూపించే ప్యారిస్‌ని వాడు ఏడెనిమిదేళ్ళలో జర్మనీలోనో, ఐర్లాండులోనో చదువుకుంటూ శని ఆదివారాల్లో రూమ్మేట్లతో చవక బస్సులోనో విమానంలోనో వెళ్ళి చూసొస్తాడు, అప్పుడు నిజంగానే సంతోషిస్తాడు. ఒకే నగరానికి ఇంటి డబ్బు రెండుసార్లు ఎందుకు? స్టుట్‌గార్టులో వాడికి వేలాడే స్తంభం మాత్రం ఎవరూ చూపించరు.

రెండోది, ‘లేపాక్షి ఉన్న అనంతపురం కరువు నేల, అక్కడికి విహారమేమిటి?’ అని. ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా అని సవరించినా ఎండ సవరణ కాదు కనుక జవాబు చెప్పాలి. ఉమ్మడి అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ప్యారిస్‌లో 640 చుట్టుపక్కల. తేడా వంద కూడా లేదు! ప్యారిస్‌లో అది రోజూ కాసింత ముసురుగా పడి మనల్ని గొడుగు మోయిస్తుంది. ఇక్కడ రెండు రోజుల్లో కురిసేసి మిగతా ఏడాది మనల్ని ప్రశాంతంగా తిరగనిస్తుంది. వేరుశనగ రైతుకి ఈ పంపకం ఎంత క్రూరమో వేరే చెప్పాలి, పర్యాటకుడికి మాత్రం లాభం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పొద్దున్నే వెళితే కాళ్ళు కాలవు. ‘రెండు గంటల్లో అయిపోతుంది కదా’ అనేవాళ్ళది ఆక్షేపణ కాదు, ప్రకటన. గుడి చూసి, అక్కడికి నడక దూరంలో ఒకే రాయిలో చెక్కిన 27 అడుగుల బసవన్న పక్కన ఫోటో దిగేసరికి టీనేజీ ఓపికా గుడీ ఒకేసారి పూర్తవుతాయి. లూవ్ర్‌లో ఓపిక అయిపోయాక ఇంకా మూడు అంతస్తులు మిగులుతాయి.

స్నేహితులకి చూపించడానికేముంటుందన్న బెంగకి 2022 సంవత్సరం సాయపడుతుంది. ఆ ఏడు లేపాక్షి గుడీ బసవన్నా యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. తుది జాబితాలో చేరకముందే మేం చూశాం అని చెప్పుకోవడం ఏ పదహారేళ్ళ ఆత్మగౌరవానికైనా సరిపోతుంది. అక్కడికి అందరూ వెళ్ళడం మొదలుపెట్టాక ‘ఇప్పుడు పాడైపోయింది’ అని పెదవి విరిచే సౌకర్యం కూడా వాళ్ళదే.

ఇక ఒక్క ఆక్షేపణకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎండ ముదరకముందే ప్రాకారంలో అడుగుపెట్టాలంటే బెంగళూరు నుంచి అయిదింటికల్లా కారు కదలాలి. అంటే సెలవు రోజున ఇంటర్ చదివే పిల్లల్ని నాలుగున్నరకి నిద్ర లేపాలి. యూరప్ విమానాలు చాలామటుకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి, ఆ వేళకి వాళ్ళెలాగూ మేలుకునే ఉంటారు. ఇక్కడ ప్యారిస్‌దే పైచేయని ఒప్పుకోక తప్పదు.