రంధ్రాన్వేషణము

పూర్వము చుట్టపుచూపుగా వచ్చిన మనుష్యునకు కాళ్లకు నీళ్లిచ్చి, వాలుకుర్చీలో కూర్చుండబెట్టి, మజ్జిగ త్రాగించిన పిమ్మట, ఏ యూరు, ఎవరి తాలూకు, గోత్రమేమి యని గృహస్థు మెల్లగా విచారించెడివాడు. నేడు విచారణ చేయువాడు గృహస్థు కాదు, అతిథి. గడప దాటినంతనే యతని దృష్టి కుశలప్రశ్నలయందు నిలువక గోడలవెంట సంచరించి, స్విచ్‌బోర్డు కనబడిన తావున సంచి దించి, "మీ ఇంట్లో ఏ పిన్ను బాబాయ్?" అని యడుగును. "టైప్ సీ యే రా" యన్నచో బంధుత్వము బలపడును. "మాది ఇంకా పాత వీ ఎయిట్ పిన్నేరా" యన్నచో, అతిథి ముఖమున చింత పొడసూపి, భోజనమునకైనను నిలువక ప్రయాణము తలపెట్టును.

కల్యాణమండపములలో మొన్నమొన్నటి వఱకు మఱియొక శాఖవారు కనబడెడివారు. ముహూర్తము సమీపించుచుండగా వారు లేచి నిలిచి, పదిమందికి వినబడునట్లుగా, "ఐఫోన్ చార్జర్ ఎవరి దగ్గరైనా ఉందాండీ?" అని కేకవేసెడివారు. పైకి అది లేమిని తెలుపు మాటయే గాని, లోపల అది కలిమిని చాటు మాట యని విడిదిలోని పసిపిల్లలకును తెలియును.

ఫోను కొనబోవు మనుష్యుడు కెమెరాలెన్ని, తెర యెంత, మెమొరీ యెన్ని జీబీలు అని అంగడివానిని వేధించును గాని, దినమునకు రెండుమారులు తాను స్వహస్తముతో పొడువబోవు రంధ్రమును గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగడు. తెర బీటవాఱినను ఫోను పలుకును; కెమెరా మసకబాఱినను పలుకును; ఆ గోరంత రంధ్రము చెడినచో మాత్రము లక్షరూపాయల ఫోనైనను మఱునాటి ఉదయమునకు మూగవోవును. అట్టి మర్మస్థానమును ఇన్నేండ్లు ఉపేక్షించిన పాపమునకు పరిహారముగా, ఆయా పిన్నుల గుణదోషములను నేడు కొంత విచారింతము.

మొదట స్మరింపదగినది నోకియావారి గుండ్రని పిన్ను. అది 3.5 మిల్లీమీటర్ల లావుపిన్ను, 2 మిల్లీమీటర్ల సన్నపిన్ను అని రెండు శాఖలై, ఒక శాఖవాని చార్జరు మఱియొక శాఖవానికి అక్కఱకు రాక, బస్టాండులలోను రైలుపెట్టెలలోను "సన్నపిన్నుందా అన్నా?" అను దీనాలాపములకు కారణమైన మాట నిజమే. అయినను సౌకర్యమున దానిని మించినది నేటికిని పుట్టలేదు. గుండ్రని వస్తువునకు తలక్రిందులగుట యనునది లేదు గనుక, దీపమార్పిన గదిలో నిద్రమత్తున కన్ను తెఱవకయే గ్రుచ్చినను అది దిగెడిది. విద్యుత్తును తప్ప మఱి దేనిని మోయలేకపోవుటయు, సన్నపిన్ను ఒకమారు వంగినచో దానిని పంటితో సరిచేయబోయి మఱింత వంచుకొనుటయు దానివలని కష్టములు. ఆ కాలమున తక్కిన కంపెనీలు తమ తమ స్వాతంత్ర్యమును నిలుపుకొనుటకై ఒక్కొక్కటి యొక్కొక్క యాకృతిని సృజించుటచేత, 2009 నాటికి ఐరోపాలో చార్జర్ల రకములు ముప్పదికి పైబడినవని అచటి ప్రభుత్వ సంఘమువారే లెక్కవేసిరి. ఒక్క తీగకు పది కొసలు వ్రేలాడుచుండు కేబులును మన ప్లాట్‌ఫారములపై అమ్ముచుండిన వర్తకుడు, ఈ లెక్కను ఏ సంఘము సాయమును లేకయే అంతకుమున్నే గ్రహించియుండెను.

అటుపిమ్మట వచ్చినది మైక్రో యూఎస్‌బీ. దానిని 2007 జనవరిలో ప్రకటించిరి. మన అంగళ్లలో దీనికి 'వీ ఎయిట్' అను పేరు ఏల వచ్చినదో యెవరును అడుగరు, ఎవరును చెప్పరు. యూఎస్‌బీ మూలపురుషులలో అగ్రగణ్యుడు వడోదరలో పుట్టి, ఇంటెల్ కంపెనీలో పనిచేసిన అజయ్ భట్టుగారు. ఇరువైపుల దూరునట్లు చేసినచో తీగలును ఖర్చును రెండింతలగునన్న భయముచేత, ఆదిలో యూఎస్‌బీని ఒకవైపే దూరునట్లు నిర్మించితిమని వారు పిదప సెలవిచ్చిరి. ఆ పొదుపువలన కంపెనీలకు మిగిలినది కొన్ని పైసలు. ప్రపంచప్రజలకు మిగిలినది, ప్రతి రాత్రియు ఒకమారు దూర్చి, దూరక, త్రిప్పి దూర్చి, అప్పటికిని దూరక, దీపము వెలిగించుకొని పిన్నును కంటికెదురుగా పట్టి చూచుకొను దినచర్య.

అయితే ఈ మైక్రోపిన్నునందు ఒక ధర్మసూక్ష్మము కలదు; దానిని గ్రహింపనివారు దానిని ఊరక నిందింతురు. దానికి పూర్వమున్న మినీ యూఎస్‌బీలో పిన్నును పట్టి నిలుపు స్ప్రింగులు ఫోనులోని రంధ్రమునందుండెడివి. మైక్రోలో వానిని కేబులు కొసకు మార్చిరి. అనగా, దూర్చుచు తీయుచుండగా అరుగవలసిన భాగము వేలరూపాయల ఫోనులో కాక, వందరూపాయల కేబులులో నుండవలెనని నిర్ణయించిరి. ఇంటింట మనము నిత్యము వాడు పెద్ద యూఎస్‌బీ పిన్నుకు 1,500 మారులు, మినీకి 5,000 మారులు, మైక్రోకు 10,000 మారులు దూర్చి తీయుటకు తాళవలెనని కొలత పెట్టిరి. దినమునకు రెండుమారుల చొప్పున గుణించి చూచినచో మైక్రోపిన్నుకు పదమూడేండ్లకు పైబడిన ఆయుర్దాయము కనబడుచున్నది. ఫోను తక్కిన యవయవములన్నియు మూడేండ్లకే జీర్ణించుచుండగా, రంధ్రమొక్కటి పదమూడేండ్లు చిరంజీవియై యేమి చేయవలెనో శాస్త్రజ్ఞులు చెప్పలేదు.

ఇంతకును అది యంత్రము సూటిగా దూర్చి సూటిగా తీసిన లెక్క. మనము దూర్చు విధానము వేఱు. చార్జింగులో నున్న ఫోనును ప్రక్కమీద పరుండి గుండెలపై నిలిపి, పిన్నును కడుపునకు ఆన్చి, అర్ధరాత్రి వఱకు వీడియోలు చూచి, నిద్రపట్టినపుడు ప్రక్కకు ఒత్తిగిలుదుము. అప్పుడు రంధ్రములోని పలుచని నాలుక మన దేహభారమునెల్ల మోయును. కొన్నాళ్లకు పిన్ను వదులగును. అప్పుడా యింటిలో ఒక విచిత్రమైన విద్య పుట్టును. కేబులును ఫోనువీపు మీదుగా త్రిప్పి, రబ్బరుబ్యాండు వేసి, ఫోను క్రింద నిఘంటువును చేర్చి, ఎడమ కొస కొంచెము పైకెత్తినచో చార్జింగు ఎక్కును. ఈ విద్య ఇంటిలో ఒక్కరికే సిద్ధించును. తక్కినవారు, "అమ్మా, నువ్వొచ్చి పెట్టు, నీ చేతికైతే ఎక్కుతుంది" అని ఆమెను పొయ్యి దగ్గఱనుండి పిలుతురు.

2012లో యాపిల్ కంపెనీవారు ఐఫోన్ 5తో పాటు లైట్నింగ్ అను పిన్నును లోకమునకు ప్రసాదించిరి. న్యాయము తప్పక చెప్పవలెనన్నచో అది సొగసైనది. ఎనిమిది రేకులు గల ఘనమైన చిన్న నాలుక. ఏ వైపు త్రిప్పినను దూరును. ఫోనులోని రంధ్రమున విఱుగుటకు పలుచని పలక యేదియు లేదు. కాని అచట ధర్మము తలక్రిందులైనది. స్ప్రింగులు ఫోనులోనే యుండిపోయినవి. తడియు చెమటయు తగిలిన పిన్నుపై విద్యుత్తు మోయు రేకొక్కటి నల్లబడి చార్జింగు మానుకొనును. అంతకు మించి, కేబులులో గుర్తింపు చిప్పు నొకదానిని ఇమిడ్చి, తమ యనుమతి లేని తీగను ఫోను తిరస్కరించునట్లు చేసిరి. ఇది ప్రవేశమునకు రాజముద్ర కావలసిన రంధ్రము.

2014లో పుట్టిన టైప్ సీ ఈ కలహములనన్నిటిని చల్లార్చుటకు వచ్చినది. పైన 12, క్రింద 12, వెరసి 24 రేకులు; ఏ వైపైనను దూరును; 10,000 మారుల ప్రమాణము దీనికిని చెల్లును; స్ప్రింగులు మరల కేబులు వైపునకే పోయినవి. ఫోనులోని పలుచని నాలుక విఱుగునను భయము కొంత యున్నను, అరుగునది కేబులే. ఐరోపా సమాఖ్యవారు 2022లో శాసనము చేసి, 2024 డిసెంబరు 28 నుండి తమ దేశములలో అమ్మబడు కొత్త ఫోన్లన్నిటికిని ఈ రంధ్రమే యుండవలెనని విధించిరి. ఆవిష్కరణకు ఇది ఆటంకమని యాపిల్‌వారు వాదించి, వాదించి, 2023లో ఐఫోన్ 15కు అదే రంధ్రమును పెట్టి, దానిని తమ కొత్త సౌకర్యముగా వర్ణించిరి. మన భారతీయ ప్రమాణముల సంస్థవారును ఐఎస్/ఐఈసీ 62680-1-3:2022 అని, పెట్టినవారికైనను జ్ఞాపకముండునో లేదో తెలియని పేరుతో టైప్ సీకి ప్రమాణము నేర్పఱచిరి. కల్యాణమండపములలో కేకవేయువారు ఆనాటితో నిరుద్యోగులైరి.

రంధ్రములన్నియు సమానమైనవి, సామ్యవాదము సిద్ధించినదని లోకము సంతసించినది. కాని మన దేశమున సమానత్వమును చాలకాలమునుండి చూచుచున్నవారికి, ఆకృతి యొకటైనంత మాత్రమున లోపలి అంతరము తొలగదని వేఱుగ చెప్పనక్కఱలేదు. తరతమ భేదములు రంధ్రమును విడిచి తీగలోనికి పోయి దాగినవి. రెండు కేబులులు చూపునకు కవలలు. ఒకటి 60 వాట్లతో ఆగును, మఱియొకటి 240 వాట్లు మోయును. ఒకటి సెకనుకు 480 మెగాబిట్లు, మఱియొకటి 40 గిగాబిట్లు పంపును. వేఱొకటి చార్జింగు తప్ప మఱేమియు ఎఱుగదు. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరము, ఒకే రంధ్రము. ఐఫోన్ 15కు 480 మెగాబిట్లు, ఐఫోన్ 15 ప్రోకు 10 గిగాబిట్లు! ఇక కొన్ని కంపెనీల 80 వాట్ల చార్జరు సొంత ఫోనును అరగంటలో నింపి, పరాయి ఫోను ఎదుట నీరసించి, సాయంకాలము వఱకు నత్తనడక నడచును. పిన్ను దూరుచున్నది గదా యని మనము నోరు మెదపలేము. దూరక పోయినప్పుడు కనీసము తిట్టుటకు అవకాశముండెడిది.

చౌకతనము చేయు చిత్రములు ఇంకను కలవు. గూగుల్‌లో ఇంజనీరైన బెన్సన్ ల్యూంగ్ 2015లో అంగడి కేబులులను కొని పరీక్షింప మొదలుపెట్టి, పెక్కింటిలో ఉండవలసిన రెసిస్టరు విలువ తప్పియుండుట కనిపెట్టెను. 2016లో తీగలే తారుమారైన కేబులొకటి ఒక్క దెబ్బతో ఆయన ల్యాప్‌టాపును, పరీక్షాపరికరములను బలిగొన్నది. మన యింటికి వచ్చు గడ్డపు ట్రిమ్మరును, మెడలో వేలాడు నెక్‌బ్యాండును చూడుడు. వానికి టైప్ సీ రంధ్రమే యుండును. అయినను రెండువైపుల టైప్ సీ కొసలు గల కొత్త కేబులును దూర్చినచో వానిలో పెక్కింట దీపమైనను వెలుగదు. పాత చార్జరు, పాత పెద్ద పిన్ను కేబులు కావలెనని మొఱాయించును. కారణమేమన, తయారుచేసినవాడు పైసల విలువ చేయు రెండు చిన్న రెసిస్టర్లను మిగిల్చి, రంధ్రమును మాత్రము అమర్చి, పెట్టెపై 'టైప్ సీ' యని పెద్దక్షరములతో అచ్చువేసినాడు. అచ్చువేసినది అబద్ధము కాదు, రంధ్రము రంధ్రమే.

ఈ సందడిలో మఱియొక ఉపకారము జరిగినది. 2020లో యాపిల్‌వారు భూగోళమును రక్షించు నిమిత్తమై ఐఫోను పెట్టెలోనుండి చార్జరును తీసివేసిరి. చార్జరు లేని ఐఫోనుల యమ్మకమును 2022లో బ్రెజిల్ ప్రభుత్వము నిషేధించినది గాని, తక్కిన కంపెనీలలో పెక్కు ఈ పర్యావరణభక్తిని వెంటనే అలవఱచుకొన్నవి. పెట్టె చిన్నదైనది, ధర చిన్నది కాలేదు. రంధ్రమే వలదనువారి కొఱకు తీగ లేని చార్జింగు కలదు. అందు కొంత విద్యుత్తు వేడియై గాలిలో కలియును, ఫోను చేతికెత్తినచో చార్జింగు ఆగును, పలక జరిగినచో ఉదయమునకు పదునాలుగు శాతము మిగులును. తీగ లేకపోవుటయే దాని సుఖము, దాని దుఃఖమును.

అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్టులో గాని, మీ యూరి సెంటరులో గాని, మరమ్మతు బల్లయెదుట ఒకమారు నిలిచి చూడుడు. "జాక్ పోయింది, చార్జింగ్ బోర్డు మార్చాలేమో" అని బేరమునకు సిద్ధపడి వచ్చిన మనుష్యుని ఫోనును అనుభవజ్ఞుడైన పనివాడు దీపము క్రింద వంచి, సన్నని పుల్లతో రంధ్రము మూలను గీఱి, జేబులోని నూలుపోగులు పిన్నుదెబ్బలకు అడుగున గడ్డకట్టిన ముద్దను వెలికితీసి అరచేతిలో వేయును. అనంతరము పిన్ను టక్కుమని కూర్చుండును. చెడినది రంధ్రము కాదు, అందులో చేరిన మన చొక్కాగుడ్డ.

ఇక తీర్పు. చీకటిలో దూరు సౌకర్యమునకు గుండ్రని పిన్ను మొదటిది. మన్నికకును నేటి అవసరములకును టైప్ సీ ఉత్తమము, అదియును 10,000 అను అంకెవలన గాక, అరుగుడును కేబులుకు అప్పగించుటవలన. మైక్రోపిన్ను గౌరవముగా విరమింపవచ్చును. పాఠకులకు విన్నపము: చార్జింగు నిలిచినచో తొందరపడి ఫోనును నిందింపకుడు. మొదట కేబులు మార్చి చూడుడు. పిదప ఫోనును ఆపి, సూదితో గాక కఱ్ఱపుల్లతో రంధ్రమును మెల్లగా శుభ్రపఱచుడు. కొత్త కేబులు కొనునపుడు రంగును గాక దానిపై వ్రాసిన వాట్లను చదువుడు. ఏమియు వ్రాయని కేబులును ఎంత చవుకైనను అంగడివానికే విడిచిపెట్టుడు.