పెప్ 8 గారికి ఖాజాగూడ నుంచి ఒక విన్నపం

శ్రీయుత పెప్ 8 గారి సముఖమునకు,
పైథాన్ శైలీ నియమావళి, పుట్టిన సంవత్సరం 2001.

విషయం: తమ పేరు చెప్పి కోడ్ రివ్యూల్లో సాగుతున్న పెత్తనం గురించి.

అయ్యా,

పై విషయమై తమకు మనవి చేసుకునేది ఏమనగా, పగలంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో జీతానికి కోడ్ రాసి, రాత్రి గదికొచ్చాక జీతం లేని కోడ్ రాసే కుర్రాళ్లు మా ఖాజాగూడ పీజీల్లో చాలామందే ఉన్నారు. దాన్నే ఓపెన్‌సోర్స్ అంటారని తమకు చెప్పక్కర్లేదు. 2018లో పైకాన్ ఇండియా హైదరాబాద్‌లో జరిగాక ఈ సరదా మావాళ్లకు ఇంకాస్త ముదిరింది. వీళ్లకు తమరంటే భక్తి కాదు, భయం. ‘పెప్ 8 ప్రకారం’ అని మొదలయ్యే కామెంటు కనపడితే చాలు, తింటున్న బిర్యానీ పక్కన పెట్టి లేస్తారు.

మా పక్క గది కుర్రాడి సంగతే చూడండి. తెలుగు వార్తల శీర్షికల్ని ఫోన్ తెరకు సరిపడేలా కత్తిరించే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి పుల్ రిక్వెస్ట్ పంపాడు. మొదటి 40 అక్షరాలు ఉంచి, మిగతాది కోసేసి, చివర మూడు చుక్కలు పెట్టడం దాని పని. రివ్యూకి పెద్దలు దిగారు. సింగిల్ కోట్స్ ఎందుకు వాడావని ఒకాయన. డబుల్ కోట్స్ వాడితే కళ్లు నొప్పులని ఇంకొకాయన. లైను విరిగినప్పుడు ప్లస్ గుర్తు పై లైను చివర ఉండాలా, కింది లైను మొదట ఉండాలా అని మూడో ఆయన. చర్చ వారం దాటింది. అందరూ తమరి పేరే చెప్పారు.

కోట్స్ సంగతి తమరసలు తేల్చనే లేదు. ఏదో ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండమన్నారు, అంతే. ప్లస్ గుర్తు విషయంలోనైతే 2016లో తమరే మాట మార్చారు: అంతకుముందు పై లైను చివర ఉండాలన్నవారు, కింది లైను మొదట ఉంటేనే చదవడానికి బాగుంటుందన్నారు. మార్చుకోవడం తప్పని కాదు. పాత ప్రతి చదివినాయన, కొత్త ప్రతి చదివినాయన ఒకే పుల్ రిక్వెస్ట్ కింద కొట్టుకుంటుంటే మధ్యలో నలిగింది మావాడు.

ఈ లోపల అసలు తప్పు అక్కడే దర్జాగా కూర్చుంది. ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం. దాని పొడవెంతని పైథాన్‌ని అడిగితే ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. శీర్షికలో సరిగ్గా ఆ చోటికి నలభయ్యో లెక్క వచ్చిందనుకోండి, తెర మీద ‘స్త్’ అని సగంలో ఆగి, పక్కన మూడు చుక్కలు పడతాయి. మావాణ్ణీ పూర్తిగా తప్పు పట్టలేం. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా చూసే నియమం యూనికోడ్ వాళ్లే 2023లో, 15.1 కూర్పులో గానీ పెట్టలేదు. కానీ అంతమంది పెద్దల్లో ఒక్కరైనా ‘బాబూ, ఈ 40 అంటే ఏ 40?’ అని అడగొద్దూ?

అడగరు. కోట్స్‌ని వేలెత్తి చూపడానికి కోడ్ చదవక్కర్లేదు, చూస్తే చాలు. ‘40’ని ప్రశ్నించాలంటే మాత్రం కూర్చుని చదవాలి.

తమరి మొదటి పేజీల్లోనే ఉంది: గుడ్డిగా ఒకే తీరుకు కట్టుబడటం అల్పబుద్ధుల పని అని, ఈ నియమాల కంటే ప్రాజెక్టు సొంత అలవాటే ముఖ్యమని. తమరిని ఉదహరించేవాళ్లు ఆ పేజీలు దాటేసి, లైను 79 అక్షరాలు దాటకూడదన్న చోట నేరుగా దిగుతారు. ఆ 79 కూడా రాజ్యాంగం కాదు, బృందం ఒప్పుకుంటే 99 దాకా వెళ్లొచ్చని తమరే అన్నారు. లైనక్స్ కెర్నల్ వాళ్లంతటి ఛాందసులే 2020లో తమ తనిఖీ స్క్రిప్టులో లైను పొడవు హెచ్చరికను 80 నుంచి 100కి జరిపారు. తమరి పేరుతో తిరిగిన తనిఖీ పరికరానికి పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ అడిగి మరీ 2016లో పేరు మార్పించారు. తమరు సలహా అని, చట్టం కాదని గుర్తుచేయడానికే. పైకోడ్‌స్టైల్ అన్నారు దాన్ని. పేరు మారింది గానీ లాఠీ మారలేదు.

శైలి పనికిరాదని నా మనవి కాదు. 2014లో ఆపిల్ వాళ్ల భద్రతా కోడ్‌లో ‘గోటూ ఫెయిల్’ అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది కూడా ఇఫ్ కిందే ఉన్నట్టు చక్కగా లోపలికి జరిగి కనపడింది, నిజానికి బయట ఉంది. దాంతో అవతలి సర్వర్ సంతకాన్ని సరిచూడాల్సిన అసలు మెట్టు దాటిపోయింది. బ్రాకెట్లు పెట్టమని సతాయించే రివ్యూయర్‌కి అప్పట్నుంచి నేను దణ్ణం పెడుతున్నాను. ప్రాజెక్టులు నడిపే మెయింటైనర్ల విసుగూ అర్థమవుతుంది. 2020 అక్టోబరులో, పుల్ రిక్వెస్టులు పంపితే హ్యాక్టోబర్‌ఫెస్ట్ ఇచ్చే టీషర్టు కోసమని రీడ్‌మీ ఫైళ్లలో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని రాసి పంపినవాళ్లలో మన దేశపు కుర్రాళ్లు తక్కువేం కాదు. ఆ దెబ్బకు నిర్వాహకులు నెల మొదటి వారంలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. పైగా పంపినవాడు పోతాడు, కోడ్‌ని ఏళ్ల తరబడి మోసేది మెయింటైనర్లు.

కానీ ఖాళీలు, కోట్స్, కామాల పంచాయితీ మనుషులు చేయాల్సిన పని కాదు. గో భాషవాళ్లు కోడ్‌ని తానే సర్దే గోఫ్మ్ట్ అన్న పరికరం పెట్టి మొదట్లోనే వదిలించుకున్నారు. పైథాన్‌కి అలాంటిదే 2018లో బ్లాక్ వచ్చింది. అది అడగదు, వాదించదు, 88 అక్షరాల దగ్గర లైను విరిచేస్తుంది. అది ఎవరికీ పూర్తిగా నచ్చదు కాబట్టే ఎవరూ పోట్లాడరు.

కావున తమ నియమావళిలో ఈ ఒక్క సవరణ చేయించవలసిందిగా ప్రార్థన: రివ్యూ చేసేవారు శైలి గురించి నోరు విప్పే ముందు, ఈ కోడ్ ఏం చేస్తుందో తమ సొంత మాటల్లో ఒక్క వాక్యం రాయాలి. రాయలేకపోతే ‘నాకు అర్థం కాలేదు’ అని రాసినా సరిపోతుంది. మా కుర్రాడికి ఆ ముక్క చాలు, రాత్రికి రాత్రి తిరగరాస్తాడు.

ఇట్లు,
తమ నియమాలను తు.చ. తప్పక పాటించే విధేయుడు,
ఖాజాగూడ.

నకలు: గోఫ్మ్ట్ గారికి, బ్లాక్ గారికి, సమాచారం నిమిత్తం.