అజ్ఞానానికి నియమావళి

పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధాల్లో ఓడిన సేనానులకు చరిత్ర ఇచ్చింది ఒక్కటే అవకాశం. బోర్డు వార్‌గేమ్ మాత్రం ఆదివారం మధ్యాహ్నాలన్నిటినీ వారి పేరున రాసిచ్చింది. వార్‌గేమ్ అంటే జరిగిన యుద్ధాన్నో, జరగడానికి వీలున్న యుద్ధాన్నో ఒక పటం మీద, కౌంటర్లనే చిన్న అట్టముక్కలతో, పాచికలతో, సాధారణంగా భోజనాల బల్లకు సరిపోని విస్తీర్ణంలో ఆడే ఆట. ఆ యుద్ధం ఏ రోజున, ఏ నేల మీద, ఎవరి దళం ఎక్కడ నిలిచి ఉండగా మొదలు కావాలో, ఎన్ని వంతుల్లో ముగియాలో, చివరికి ఎవరిని గెలిచినవారిగా లెక్కించాలో నిర్దేశించే పత్రాన్ని సినారియో అంటారు. ఇందులో మొదటి మూడు విషయాలు చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. చివరి రెండింటి దగ్గరే సినారియో రాసేవారికి జుట్టు నెరుస్తుంది.

పటాన్ని ఆరు భుజాల గడులుగా విభజిస్తారు. చదరపు గడుల్లో మూలగా నడిచిన దళం నిటారుగా నడిచిన దళం కంటే ఎక్కువ దూరం పోతుంది గనుక, ఆ అన్యాయం జరగకుండా 1960ల ఆరంభం నుంచి ఈ రంగంలో షడ్భుజే రాజ్యమేలుతోంది. ప్రతి కౌంటర్ మీదా దళం పేరు, దాని బలం, ఒక వంతులో అది నడవగల గడుల సంఖ్య అచ్చువేసి ఉంటాయి. రెండు దళాలు ఎదురుపడినప్పుడు వాటి బలాల నిష్పత్తి కట్టి, పాచిక వేసి, పోరు ఫలితాల పట్టికలో అడ్డంగా ఒకదాన్నీ నిలువుగా ఒకదాన్నీ వెతికి, ఎవరు వెనక్కి తగ్గారో, ఎవరు పెట్టెలోకి వెళ్ళారో తేల్చుకుంటారు. పెట్టెలోకి వెళ్ళినవారు మళ్ళీ ఆదివారానికి లేచి వస్తారు. అట్ట నుంచి విడదీసిన కౌంటర్ల మూలలు పీచుగా ఉండడం సహించలేక, వాటిని గోళ్ళ కత్తెరతో ఒక్కొక్కటిగా నున్నగా కత్తిరించుకునే ఆచారం కూడా ఈ ఆటగాళ్ళలో ఉంది. 1759 సెప్టెంబరు 13న క్విబెక్ నగరం వెలుపల ఏబ్రహాం మైదానంలో ఉత్తర అమెరికాలోని ఫ్రెంచి రాజ్యం తలరాతను మార్చిన పోరులో నిర్ణాయకమైన కాల్పులు సుమారు పావుగంట సాగాయి. ఆ పోరుకు తగిన కౌంటర్ల మూలలు నాలుగేసి చొప్పున కత్తిరించడానికి పట్టే కాలంలో కెనడా చాలాసార్లు చేతులు మారగలదు. సీలింగ్ ఫ్యాన్‌ను ఎవరైనా తెలియక పెద్ద అంకె మీద పెడితే రెండు సైన్యాలూ ఏకకాలంలో సోఫా కిందికి తిరోగమిస్తాయి. ఈ వాతావరణ నియమాన్ని అమెరికాలో అచ్చయిన నియమాల పుస్తకాలు విస్మరించడం మన వైపు ఆటగాళ్ళకు జరిగిన అపచారం.

ఈ రకం ఆటకు పద్దెనిమిదో శతాబ్దం అమిరినట్టు మరో శతాబ్దం అమరదు. మస్కెట్ అనే ఆనాటి తుపాకీ వంద గజాలు దాటితే గురికంటే అదృష్టాన్ని ఎక్కువగా నమ్ముకునేది గనుక, సైనికులను భుజం భుజం కలిపి బారులు తీర్చి, ఎదుటివారి బొత్తాలు కనిపించే దూరం దాకా నడిపించి, అందరిచేతా ఒక్కసారి కాల్పించడం తప్ప సేనానులకు వేరే దారి ఉండేది కాదు. 1745లో ఫోంతెన్వా యుద్ధంలో ఇంగ్లీషు, ఫ్రెంచి అధికారులు టోపీలు తీసి పలకరించుకుని, ముందు మీరు కాల్చండంటే ముందు మీరు కాల్చండని మర్యాదలు పోయారన్న కథ చరిత్రకారులు పూర్తిగా నమ్మేది కాకపోయినా వార్‌గేమ్ ఆటగాళ్ళకు మాత్రం వేదవాక్కు, ఎందుకంటే వంతులవారీగా చంపుకోవడం తాము కనిపెట్టిన కృత్రిమ పద్ధతి కాదని దానివల్ల రుజువవుతుంది.

అయినా అసలు చిక్కు ఆయుధాల్లోనో నేలలోనో లేదు. బల్ల ముందు కూర్చున్న ఆటగాడికి యుద్ధం ఎలా ముగిసిందో ముందే తెలుసు. ఆ యుద్ధం చేసినవాడికి తెలియదు. ఒక సేనాని ఓటమికి అతని బలగం కొరత కారణమైతే దాన్ని అంకెల్లో చూపవచ్చు, నది కారణమైతే పటంలో నీలిరంగు వేయవచ్చు. కాని అతని నిర్లక్ష్యమో, అహంకారమో, కేవలం నిద్రమత్తో కారణమైతే దాన్ని ఒక తెలివైన, మెలకువగా ఉన్న, రెండు కప్పుల కాఫీ తాగిన ఆటగాడి చేత ఎలా చేయించాలన్నది ఈ విద్యలోని ప్రధాన సమస్య. సినారియో రచన అంటే చాలావరకు అజ్ఞానానికి నియమాలు రాయడమే.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోని ట్రెంటన్ పోరును చూడవచ్చు. 1776 డిసెంబరు 25 రాత్రి జార్జ్ వాషింగ్టన్ సుమారు 2,400 మందితో మంచుగడ్డలు తేలుతున్న డెలవేర్ నదిని దాటి, మర్నాడు ఉదయం ఎనిమిది గంటల వేళ ట్రెంటన్ ఊరి మీద పడి, అక్కడున్న దాదాపు 1,500 మంది హెస్సియన్లలో, అంటే బ్రిటన్ అద్దెకు తెచ్చుకున్న జర్మన్ సైనికుల్లో, సుమారు 900 మందిని పట్టుకున్నాడు. వారి నాయకుడు కర్నల్ యోహాన్ రాల్ ఊరి చుట్టూ కోటకట్టడం అనవసరమని భావించినవాడు. శత్రువు వస్తున్నాడని హెచ్చరించే చీటీ ముందురాత్రే అతనికి అందితే, చదవకుండా జేబులో వేసుకున్నాడని ప్రతీతి. ఇప్పుడు రాల్ స్థానంలో కూర్చున్న ఆటగాడు మొదటి వంతులోనే చేసే పని ఏమిటో ఊహించడానికి సైనిక పాండిత్యం అక్కర్లేదు: రెండు దారుల మీదా ఫిరంగులు పెట్టి, సైన్యాన్నంతా నిద్రలేపి, ఒడ్డు వైపు కళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. అది చూసిన వాషింగ్టన్ ఆటగాడు నది దాటడు. రెండు గంటల పాటు నదికి అటూ ఇటూ రెండు సైన్యాలు పరస్పరం చూసుకుని ఆట సమాప్తమవుతుంది, అమెరికా స్వాతంత్ర్యం వాయిదా పడుతుంది.

అందుచేత ఇలాంటి సినారియోల్లో పడుకున్న దళాలు ఒక్కొక్కటిగా పాచిక పడితేనే లేవాలనే నియమం పెట్టడం పరిపాటి. అంటే బతికున్న ఆటగాడు తన సైన్యం గురక పెట్టడాన్ని కళ్ళారా చూస్తూ, లేపడానికి ఆరు పడాలని ప్రార్థిస్తూ, మూడు పడితే మరో వంతు ఆగాలి. రాల్‌కు కనీసం ఆ యాతన లేదు. నిద్రపోయినంతసేపు హాయిగానే నిద్రపోయాడు.

ఇదే సమస్యకు కొంత గంభీరమైన పరిష్కారం కార్డుల రూపంలో వచ్చింది. 1993లో మార్క్ హెర్మన్ రూపొందించగా అవలాన్ హిల్ సంస్థ వెలువరించిన 'వి ద పీపుల్' అనే అమెరికా విప్లవపు ఆటలో సేనాని తనకు తోచినప్పుడల్లా కదలలేడు. ఆటగాడి చేతిలో తగిన అంకె ఉన్న కార్డు ఉండాలి, మందకొడి సేనానిని లేపడానికి పెద్ద అంకె కావాలి. రిచర్డ్ బోర్గ్ 2017లో రూపొందించిన 'కమాండ్స్ అండ్ కలర్స్ ట్రైకార్న్' ఆటలో యుద్ధభూమి ఎడమ, నడుమ, కుడి అని మూడుగా చీలి ఉంటుంది. కుడివైపు కొంప మునుగుతుంటే చేతిలో ఎడమవైపు కార్డులే మిగిలి ఉండడం అందులో అరుదైన విషయం కాదు. ఈ ఏర్పాటును వాస్తవానికి దూరమని నిందించేవారున్నారు గాని, పైఅధికారి ఆజ్ఞ ఎప్పుడూ అవసరం లేని విభాగానికే ముందు చేరుతుందన్న సంగతి ఏ ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవారికైనా తెలుసు గనుక ఆ నింద నిలవదు.

నిర్లక్ష్యానికి మందు దొరికినా మోసానికి దొరకడం కష్టం. 1781 జనవరి 17న దక్షిణ కరొలైనాలో పశువులు మేసే కౌపెన్స్ అనే బయలులో అమెరికా సేనాని డేనియల్ మోర్గన్ తన మిలీషియాను, అంటే పిలిచినప్పుడు వచ్చి అవకాశం దొరికితే ఇంటికి పోయే పౌరసేనను, ముందువరుసలో నిలిపి, రెండుసార్లు కాల్చి వెనక్కి వచ్చేయమన్నాడు. పారిపోవడంలో వారికున్న సహజ ప్రావీణ్యాన్ని ఆజ్ఞగా మార్చిన సేనాని ఆయనొక్కడే కాకపోవచ్చు, కాని అంత లాభం పొందినవారు అరుదు. ఆ తిరోగమనాన్ని పరాజయమని నమ్మి, ఇరవై ఆరేళ్ళ బనాస్టర్ టార్లెటన్ తన బ్రిటిష్ దళాలను కొండ మీదికి ఉరికించి, సుమారు 1,100 మందిలో 800 మంది దాకా పోగొట్టుకున్నాడు. సినారియో పుస్తకంలో ఈ కథంతా యుద్ధ నేపథ్యం అనే శీర్షిక కింద సవివరంగా అచ్చయి ఉంటుంది. అది చదివిన టార్లెటన్ ఆటగాడు ఒక్క అడుగు కదపకుండా చేతులు కట్టుకుని, మిలీషియా ఎప్పుడు పారిపోతుందా అని సావకాశంగా ఎదురుచూస్తాడు. ఆ చేతులు విప్పించడానికే గెలుపు పాయింట్లు పుట్టాయి: ఎనిమిదో వంతు లోపల ఫలానా గడి పట్టుకోకపోతే ఓడినట్టే అంటే ఎంతటి జ్ఞాని అయినా ఉరుకుతాడు.

పాయింట్ల లెక్క చరిత్రకు చేసే మేలు మరొకటి ఉంది. అదే ఏడాది మార్చి 15న గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ వద్ద బ్రిటిష్ సేనాని లార్డ్ కార్న్‌వాలిస్ తనకంటే రెండింతలకు పైగా ఉన్న శత్రువును మైదానం నుంచి తరిమి గెలిచాడు, గెలిచేసరికి సుమారు 1,900 మందిలో 500 మందికి పైగా చచ్చో గాయపడో పోయారు. ఇలాంటి విజయం ఇంకొకటి వస్తే సైన్యమే మిగలదని లండన్‌లో పార్లమెంటు సభ్యుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్ ఎత్తిపొడిచాడు. పాయింట్లు లెక్కించే ఆటలో ఈ విజయం ఓటమిగా నమోదు కావడంలో వింత లేదు. అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయిన అదే కార్న్‌వాలిస్ పదకొండేళ్ళకు శ్రీరంగపట్టణం ముందు నిలిచి టిప్పు సుల్తాన్ చేత సగం రాజ్యం రాయించుకున్నాడు. ఒక బల్ల మీద ఓడిన ఆటగాణ్ణి పక్కగదిలోని బల్ల దగ్గర కూర్చోబెట్టే వసతి ఈస్టిండియా కంపెనీకి ఉండేది.

మన నేల మీది యుద్ధాల దగ్గరికి వచ్చేసరికి సినారియో రచన మరీ ఇరకాటంలో పడుతుంది. 1757 జూన్ 23న ప్లాసీలో బెంగాలు నవాబు సిరాజుద్దౌలాకు సుమారు 50,000 మంది, కంపెనీ సేనాని క్లైవ్‌కు సుమారు 3,000 మంది ఉన్నారని అంకెలు వేస్తే, ఫలితాల పట్టికలో ఆ నిష్పత్తికి గడి కూడా ఉండదు. నవాబు సైన్యంలో అత్యధిక భాగం మీర్ జాఫర్ తదితరుల చేతి కింద ఉండి కదలలేదు గనుక, ఆ కౌంటర్లను పటం మీద పెట్టి, నవాబు ఆటగాణ్ణి ముట్టుకోవద్దనడం ఒక పద్ధతి. ఎవరు కదులుతారో, ఎవరు కదలరో చీటీలు తీసి తేల్చడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో మీర్ జాఫర్ పొరపాటున నిజాయతీపరుడిగా తేలే ప్రమాదం ఉంది, అప్పుడు క్లైవ్ ఆటగాడు నియమాల పుస్తకం విసిరేయడం సహజం.

చందుర్తి యుద్ధం ఇంతకంటే రుచికరమైనది. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతంలో కర్నల్ ఫోర్డ్ నడిపిన కంపెనీ సేనకూ కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనకూ జరిగిన ఈ పోరులో, ఫోర్డ్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. అతని తెల్లదళం మాత్రం మనిషిని దాచేంత ఎత్తున పెరిగిన చేని వెనుక కనపడకుండా ఉంది. ఎర్రకోట్లే ఇంగ్లీషువాళ్ళని నమ్మిన ఫ్రెంచివారు సిపాయిల మీద పడి, వారిని వెనక్కి నెట్టి, గెలిచామనుకునే సమయానికి పైరు వెనుక నుంచి అసలు ఇంగ్లీషువాళ్ళు బయటపడ్డారు. దీనికి సినారియో రాయబూనినవారు దృష్టిరేఖ అనే నియమాన్ని, అంటే ఏ గడి నుంచి ఏ గడి కనపడుతుందో చెప్పే లెక్కను, పైరు ఎత్తును బట్టి సవరించాలి. ఆ పైరు రైతుకు నష్టపరిహారం పాయింట్ల రూపంలో ఇవ్వాలా అన్నది విడిగా చర్చించవలసిన అంశం. ఫోర్డ్‌కు అండగా వచ్చిన విజయనగరం ఆనంద గజపతి సేన పోరులో పెద్దగా అక్కరకు రాలేదని ఇంగ్లీషువారు రాసుకున్నారు. రాజా ఇస్తానన్న సొమ్ము చేతికి రావడం ఆలస్యమైందని కూడా వారే రాసుకున్నారు గనుక ఆ సాక్ష్యాన్ని కొంత తగ్గించి తూచడం న్యాయం.

పైగా ఈ ఆటగాళ్ళలో చాలామంది, ఎదురు కూర్చునే ఓపిక గల మరో మనిషి దొరక్క, రెండు పక్షాలనూ ఒక్కరే ఆడతారు. ఒంటరి ఆటగాడు ఫోర్డ్‌గా బల్లకు ఇటువైపు కూర్చుని దళాన్ని పైరు వెనుక దాచి, లేచి అటువైపు వెళ్ళి కాన్‌ఫ్లాన్స్‌గా కూర్చుని, దాచింది ఎక్కడో తెలియనట్టు నటించాలి. పాచిక రెండు పడితే తన మాయలో తానే పడాలి, ఐదు పడితే తనను తాను అనుమానించాలి. కాన్‌ఫ్లాన్స్ వైపు చివరి కదలికకు మాత్రం ఏ పాచికా అవసరం లేదు: యుద్ధం పోయిందని తేలగానే ఆయన గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు, అంత దూరం ఏ పటంలోనూ పట్టదు గనుక అంచు దాటిన వెంటనే ఆయన కౌంటర్‌ను తీసి పెట్టెలో వేస్తారు.