మోకాలికీ సంస్కృతికీ ముడి

పిలకాయలు చెడిపోయినారు. తీర్పు వచ్చేసింది, అప్పీలు లేదు. మదనపల్లె బెంగళూరు బస్టాండు చుట్టుపక్కల టీ అంగళ్లలో పొద్దున ఆరింటికే కొలువుదీరే ధర్మాసనం ఈ తీర్పు రోజూ ఇస్తుంది. పుంగనూరులోనూ కుప్పంలోనూ దానికి శాఖలున్నాయి. సాక్ష్యాలు గట్టివే: మోకాలి దగ్గర చిరిగిన జీన్సు, ఇద్దరు దూరేంత వదులు టీషర్టు, ముందర పొట్టిగా వెనక పొడుగ్గా వదిలిన జుట్టు, ఆడపిల్ల భుజం మీద కనపడని చున్నీ. "యాడికి పోతా ఉందబ్బా ఈ లోకం" అంటాడు ఒకాయన. "సెల్లులొచ్చి నాశనం చేసినాయి" అంటాడు ఇంకొకాయన, తన సెల్లులోంచి తలెత్తకుండానే.

కోర్టువారు అనుమతిస్తే ముద్దాయిల తరఫున నాలుగు మాటలు.

జుట్టు కేసు ఈ ఊరికి కొత్త కాదు. 1895లో మదనపల్లెలో ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట పుట్టిన పిల్లవాడు 1909లో మద్రాసు అడయారు సముద్రపు ఒడ్డున దివ్యజ్ఞాన సమాజం వాళ్ల కంటబడ్డాడు. అప్పటికి వాడి తల ఆనాటి బ్రాహ్మణ పిల్లలందరి తల లాంటిదే: ముందు గొరుగుడు, వెనక పొడుగు జుట్టు. ఇవాళ సెలూన్లో మూడొందలిచ్చి 'మల్లెట్' అని కొట్టించుకునేదానికి అది పెదనాన్న వరస. సమాజం వాళ్లు ఆ జుట్టు పెంచి, నడిమి పాపిడి తీసి, దొర బట్టలు తొడిగి 1911లో ఇంగ్లండు తీసుకుపోయారు. తర్వాతి రోజుల్లో ఆయన సూట్లు లండన్ సావిల్ రో దర్జీలు కుట్టినవి. తండ్రి నారాయణయ్య కొడుకును నాకిచ్చేయండని మద్రాసు హైకోర్టుకెక్కి గెలిచాడు, 1914లో ప్రీవీ కౌన్సిల్లో ఓడాడు. దావా క్రాపు గురించి కాదులెండి, పిల్లవాడు ఎవరి సొత్తు అన్నదాని గురించి. మన తగాదా కూడా అచ్చంగా అదే, కాకపోతే మనం క్రాపు మీద పెట్టి నడుపుతున్నాం. ఆ పిల్లవాడు జిడ్డు కృష్ణమూర్తి అయ్యాక మా ఊరివాడేనని చెప్పుకోవడానికి మనకే అభ్యంతరమూ లేకపోయింది.

పదేళ్లు తిరక్కముందే, 1919 ఫిబ్రవరిలో, రవీంద్రనాథ ఠాగూరు ఇదే ఊరికొచ్చి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి తెచ్చింది ఇక్కడే. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసిపెట్టిందీ ఇక్కడే. ఏటా పంద్రాగస్టుకు మైకులో ఈ సంగతి చెప్పి ఒళ్లు పులకరింపజేసుకుంటాం. అదే మహానుభావుడు ఇవాళ మెడదాకా జుట్టు, గుండెలదాకా గడ్డం, మడమలదాకా అంగీతో ఏదో ఒక జూనియర్ కాలేజీ గేటు ముందు నిలబడితే ఏమయ్యేది? పి.ఇ.టి. సారు లోపలికి రానిచ్చేవాడా? "ఏందిరా ఆ జుట్టు? పో, మీ నాయన్ను పిలుచుకొని రా" అని వెనక్కి పంపేవాడు.

ఇక ధర్మాసనం సంగతి. న్యాయమూర్తుల పాత ఫొటోలు వాళ్ల ఇళ్లలోనే గోడకు వేలాడుతున్నాయి, మెట్లెక్కి చూడొచ్చు. స్టూడియో తెర మీద గీసిన తాజ్‌మహలు. దాని ముందర పదిహేడేళ్ల వీరుడు. కింద రోడ్డు ఊడ్చే బెల్ బాటం, పైన భుజాలదాకా చెవులు చాచిన కాలరు, చెంపల మీద పేడుల్లాంటి సైడ్‌బర్న్సు. చేతిలో టెలిఫోను రిసీవరు. అవతలి కొసన ఎవరూ లేరు, ఆ తీగ ఎక్కడికీ పోదు, ఆ ఊళ్లో ఆ వీధిలో ఫోనే లేదు. అయినా రిసీవరు చెవిన పెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. ఇప్పుడు ఇదే మనిషి మనవడి సెల్ఫీ చూసి "ఎవరికోసంరా ఆ ఫోజులు?" అని అడుగుతున్నాడు. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ కౌబాయ్ టోపీ పెడితే ఎండకు పెట్టుకున్నామన్న సాకుతో పెట్టుకున్నవాళ్లూ, 1989లో 'శివ' చూసొచ్చి సైకిలు చైను వంక అదోలా చూసినవాళ్లూ ఈ బెంచీలోనే ఉన్నారు. వాళ్లను వాళ్ల నాయనలు హిప్పీ వెధవలన్నారు. ఆ నాయనలను వాళ్ల నాయనలు జుట్టు తీసేసి క్రాపు కొట్టించుకున్నందుకు ఇంట్లోకి రావద్దన్నారు. తిట్టు మాత్రం వంశపారంపర్యంగా, చిరుగు పడకుండా వస్తోంది.

ఇంకో ఛార్జి: మగపిల్లవాడు చెవికి పోగు పెట్టాడు, ఆడపిల్ల చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుంది. అయ్యా, ఈ సీమ రైతు తాతకు రెండు చెవులకూ పోగులుండేవి, చేతికి వెండి కడియం కూడా. ముంజేతి నిండా పచ్చబొట్టు లేని అవ్వ ఉంటే ఆ అవ్వే వింత. పోగు ఒకటి తగ్గించుకున్నందుకు మనవణ్ణి మెచ్చుకోవాలి నిజానికి.

బట్టల్లో అసలైన తిరుగుబాటు చేసింది మాత్రం పిల్లలు కాదు, తల్లులు. ఒక పాట లేదు, ఒక నినాదం లేదు, నైటీ వచ్చింది. పడకగదికని కొన్న బట్ట పెరట్లోకొచ్చింది, పెరట్లోంచి వీధి కుళాయి దగ్గరికి, అక్కణ్ణుంచి పాల బూతుకు, రేషన్ అంగడికి, బడిపిల్లల బస్సు దగ్గరికి. పైన ఒక తువ్వాలు పడిందంటే మర్యాద పూర్తి. అయిదు గజాల చీరను ఓడించిన ఈ బట్ట మీద ధర్మాసనం ఒక్క రోజు కూడా విచారణ జరపలేదు. ఎందుకంటే ఆ నైటీయే వేళకు కాఫీ పెట్టి ఇస్తుంది. నాకైతే నైటీ మీద గౌరవం. వంటింటి సెగలో ఉక్కతో చచ్చే మనిషి తనకు తానే ఇచ్చుకున్న ఉపశమనం అది. కానీ అదే నైటీలో నిలబడి, జీన్సు వేసుకున్న కూతురిని "మన ఇంటా వంటా లేదు" అన్నప్పుడే నవ్వొస్తుంది. రవికె లేకుండానే బతుకు వెళ్లదీసిన అవ్వలను ఈ పల్లెల్లో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. కోడలు చేతుల జాకెట్టు తొడిగినరోజు ఆ అవ్వ కూడా సరిగ్గా ఇదే మాట అనుంటుంది.

ఓణీ సంగతి ఇంకా సొగసు. ఒకప్పుడు పద్నాలుగేళ్లు దాటిన ఆడపిల్ల లంగా ఓణీ రోజూ కట్టేది. బావికి పోయినా, బడికి పోయినా, చెనిక్కాయలు ఒలిచినా అదే. ఇప్పుడది బీరువా బట్ట కూడా కాదు, ఫంక్షన్ హాలు బట్ట. జీవితంలో ఒక్క పూట. ఆ ఒక్క పూటకు ఎల్.ఇ.డి. తెర, పైన డ్రోను, కింద పొగ యంత్రం, బెంగళూరు నుంచి మేకప్పు మనిషి, ఎమ్మెల్యే ఫొటోతో ఫ్లెక్సీ. పిల్లకు జరిగిన శారీరక మార్పును ఊరంతటికీ ఫ్లెక్సీ కట్టి చెప్పడం సంస్కృతి. అదే పిల్ల మర్నాడు తన ఫొటో తానే ఇన్‌స్టాలో పెడితే సిగ్గుమాలిన పని. ఆ ఓణీ ఎక్కడిదని అడిగారా? మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టు చీరలు నేస్తుంటే, ఆ పక్క వీధిలో ఉన్నవాళ్లు పెళ్లి చీరకు కంచికి పరిగెత్తుతారు, ఫంక్షన్ ఓణీకి ఫోన్లో ఆర్డరు పెడతారు. వచ్చేది పాలిస్టరు. నేతగాడి కూతురు కూడా అదే ఆర్డరు పెడుతుంది. ఆమెను తప్పుపట్టే ముందు ఆ మగ్గం మీద వాళ్ల నాయనకు గిట్టే కూలి ఎంతో ఒకసారి కనుక్కోండి. చిరుగుల జీన్సు మాత్రం పరాయి సరుకేమీ కాదు. అనంతపురం వైపు రాయదుర్గంలో జీన్సు కుట్టే ఇళ్లు వీధులకు వీధులే ఉన్నాయి. స్వదేశీ ఉద్యమకారులు ఈ విషయంలో పిల్లలకు సన్మానం చేయవచ్చు.

పొట్టి బట్టలంటే మండిపడే పెద్దలు పొట్టి ఆవుకు మాత్రం లక్షలు పోస్తున్నారు. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. పాలు కొంచెమే, వెన్న మాత్రం మెండు. కరువు నేలలో కాస్త గడ్డితో బతికే ఈ ఆవును మనవాళ్లే ఎక్కువ పాలిచ్చే సీమ ఆవుల మోజులో వదిలేశారు. జాతి దాదాపు అంతరించే దశకొస్తే పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టి నిలిపింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటోలు వచ్చాయి, ఇక చూడండి. హైదరాబాదు విల్లాల్లో సోఫా పక్కన పుంగనూరు దూడ, మెడలో గజ్జెలు, నుదుట బొట్టు, దానికో ఇన్‌స్టా ఖాతా. పుంగనూరులో పుట్టినవాటిలో ఇంతటి మన్నన దొరికింది దానికొక్కదానికే. అదే ఊరి పద్దెనిమిదేళ్ల పిల్ల పొట్టి కుర్తీ వేసుకుని హైదరాబాదుకు ఉద్యోగానికి పోతానంటే ఇంట్లో పంచాయితీ.

కుప్పం పిల్లల బాధ వేరు. మూడు రాష్ట్రాలు కలిసే చోట పుట్టినందుకు వాళ్లకు మూడు భాషల్లో తిట్లు పడతాయి. తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చే ఇరవై ఏళ్ల కుర్రాళ్ల ముఖాన ఒత్తుగా గడ్డం. అది కె.జి.ఎఫ్. గడ్డం. 2018లో సినిమా వచ్చింది, అక్కణ్ణుంచి మొలిచింది. అసలు కోలారు బంగారు గనులు కుప్పానికి ఎంతో దూరం కాదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్విన ఆ గనుల్లోకి ఈ వైపు నుంచీ, ఆర్కాటు వైపు నుంచీ కూలికి దిగినవాళ్లు ఎందరో. 2001లో ప్రభుత్వ గని మూతపడింది. మిగిలింది సైనైడు మట్టి దిబ్బలు. తాతల కాలంలో ఆ నేల కింద పనీ, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులూ దొరికేవి. మనవళ్ల కాలానికి గడ్డం ఒక్కటే దక్కింది. దాన్ని కూడా గొరిగించుకోమంటున్నారు.

జాతర మాట కూడా ఎత్తాలి. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని మొక్కు తీర్చుకుంటారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం, ఎన్ని వేషాలో. 'పుష్ప' రెండో భాగంలో అల్లు అర్జున్ ఆ చీరలోనే ఫైటు చేస్తే థియేటర్లలో కాగితాలు చల్లింది కూడా ఈ నాయనలే. అయితే కొడుకు గులాబీ రంగు చొక్కా కొన్నాడని తెలిస్తే మాత్రం, "ఆడంగి వేషాలేందిరా?" తల్లికి మొక్కుకుంటేగానీ మగవాడికి గులాబీ రంగు సెలవు లేదన్నమాట. రంగులంటే గుర్తొచ్చింది: జుట్టుకు ఎర్రరంగు వేసిన కుర్రవాణ్ణి నడివీధిలో ఆపి క్లాసు పీకే పెద్దమనిషి కండువా రంగు అయిదేళ్లకోసారి మారుతుంటుంది. కుర్రవాడి రంగు నెలకు వెలిసిపోతుంది, ఎవరికీ నష్టం లేదు.

2023 జులై ఆఖర్లో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి పోయింది. ఆ ధర ఉన్నన్నాళ్లు ఎవరింట్లోనూ పిల్లలు చెడిపోలేదు. బూట్లు అడిగితే బూట్లు, ఫోను అడిగితే ఫోను. ధర దిగిపోగానే సంస్కృతి మళ్లీ ప్రమాదంలో పడింది.

ఇంతకూ ఈ చెడిపోయిన పిల్లవాడు చెడిపోవడానికి టైమెక్కడిది? వాడిది హాస్టలు ఇంటర్మీడియట్. తెల్లవారకముందే లేపుడు, స్నానానికి క్యూ, స్టడీ అవరు, క్లాసులు, మళ్లీ స్టడీ అవరు, రాత్రి పదికి దీపం ఆర్పుడు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది, బతుకు పేరు మారలేదు. అందరికీ ఒకటే తెల్లచొక్కా. ఆడపిల్లలకు చుడీదారు మీద చున్నీ, చున్నీ చాలదని పైన కోటు, పదిహేడేళ్లకు కూడా రెండు మడత జడలు, రిబ్బన్లు. నాయన పదిహేడేళ్లప్పుడు మోటబావిలో ఈదాడు, మామిడితోటలో దొంగతనం చేశాడు, సెకండ్ షో చూసి గోడ దూకాడు. ఆ బావి ఎండింది, వెయ్యడుగుల బోరు కూడా ఎండింది. తోట ప్లాట్లయింది, థియేటరు కల్యాణ మండపమైంది. ఇవన్నీ చేసింది ఏ పిలకాయ? వాడి చేతికి మనం మిగిల్చింది ఆ తలమీది జుట్టూ, మోకాలి దగ్గర నాలుగంగుళాల చిరుగూ, నెలకో ఆదివారం ఔటింగూ.

ఆ ఆదివారం మధ్యాహ్నం, మిద్దె మీద. కొడుకు పెట్టె అడుగు నుంచి తీసిన వదులు ప్యాంటు తొడుక్కుని చెల్లెలి చేత ఫొటోలు తీయించుకుంటున్నాడు. నాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై రెండేళ్లు, మీసానికీ తలకీ నిన్ననే నల్లరంగు పడింది, చెవి పక్కన చర్మానికి కూడా కొంచెం అంటింది.

"ఏమిరా ఆ గోనెసంచి? సిగ్గు లేదా?"

"ఈ పొద్దొక్క పూటే కదా నాయనా. సాయంత్రం బస్సుకు పోతా."

నాయన కాసేపు గునిశాడు, అటూ ఇటూ చూశాడు, కాలరు సర్దుకున్నాడు.

"సరేలే. అట్లే నాదొకటి తియ్. వాట్సాప్‌లో పెట్టాల. వయసు కనపడకుండా చేసేది ఏదో ఉంటుందే, అది పెట్టి తియ్."