ఉమ్టా ఉంది, ఊరుకుంది

హైదరాబాదులో సమీకృత రవాణా లేదని గిట్టనివాళ్లంటారు. ఎందుకు లేదు? 2008లోనే మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చట్టంలో రాసి పెట్టారు. ఏకీకృత మహానగర రవాణా సంస్థ, ముద్దుపేరు ఉమ్టా. సాక్షాత్తూ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శే అధ్యక్షుడు. బస్సులవాళ్లూ రైళ్లవాళ్లూ ట్రాఫిక్ పోలీసులూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని ఏర్పాటు. బల్లకు లోటుండి ఉండదు.

ఆ గది దాటి బయటికొస్తే మాత్రం ఎవరి కొలువు వారిదే. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు రైల్వే యాప్. 2017లో వచ్చిన మెట్రోకు దాని యాప్, దాని కార్డు. ఆర్టీసీ బస్సు ఎంతవరకొచ్చిందో చూడాలంటే ఇంకోటి. దిగాక ఆటోకు ప్రైవేటు యాపులు, చినుకు పడగానే రేటు పెంచేవి. బేగంపేటలో ఎంఎంటీఎస్ దిగి మెట్రో ఎక్కినవాడు రైల్వే లెక్కలో దిగిపోయాడు, మెట్రో లెక్కలో అప్పుడే పుట్టాడు. వాడిది ఒకే ప్రయాణమని వాడి కాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు.

దేశమంతటికీ ఒకే కార్డన్నది 2019 మార్చిలోనే అహ్మదాబాదులో ప్రధాని ఆవిష్కరించారు. మన మంత్రులు 2023 జూలైలో, ఆగస్టు రెండోవారానికల్లా మెట్రోకూ బస్సుకూ ఒకటే కార్డన్నారు. ఏ సంవత్సరం ఆగస్టో అడక్కపోవడం మన అమాయకత్వం.

నిజానికి కార్డు అచ్చేయడం పెద్ద పనేం కాదు. చేతికొచ్చిన చార్జీలో ఎవరి వాటా ఎంత, ఎవరి లెక్కలు ఎవరికి చూపాలి, పీటముడి అక్కడుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్టు. అదే అక్క అమీర్‌పేటలో దిగి మెట్రో ఎక్కితే పూర్తి చార్జీ. రెంటికీ కలిపి ఒకటే టికెట్టు కొడితే ఆ సున్నాను ఎవరు మోయాలి? ఆర్టీసీ ఖజానా వైపు చూస్తుంది, మెట్రో తన అప్పుల వైపు చూస్తుంది, రైల్వే ఢిల్లీ వైపు చూస్తుంది. ఈ చూపులన్నీ కలపడానికే కదయ్యా ఉమ్టాను పెట్టింది!

ఫిన్లాండువాళ్లకు ఓపిక తక్కువ. టికెట్లు ఇతరులూ అమ్ముకునేలా తలుపులు తెరవండని రవాణా సంస్థలకు 2018లో చట్టంతోనే చెప్పేశారు. తీరా హెల్సింకిలో అన్ని ప్రయాణాలనూ ఒక్కచోట కలిపి అమ్మిన ‘విమ్’ యాప్ కంపెనీ 2024లో దివాళా తీసింది. ఈ కబురు మన సచివాలయానికి చేరితే ఎంత ఊరట! చట్టం మనకు వాళ్లకన్నా పదేళ్ల ముందే ఉంది. దివాళా తీయడానికి యాపే ఇంకా రాలేదు.