నలుగురికీ ఒకటే కోటు

మా నలుగురిలో ఎవరికీ అసలు పేరు వాడుకలో లేదు. కెమ్నిట్స్ యూనివర్సిటీలో తెలుగువాళ్ళం ఎంతమందిమంటే, క్యాంటీన్లో "సాయీ" అని పిలిస్తే సగం తలలు తిరుగుతాయి. అందుకని ఊళ్ళ పేర్లతోనే సరిపెట్టుకున్నాం. తెనాలి, నిజామాబాద్, అనంతపురం. నేను ఖమ్మం.

కిందటి నవంబరులో ఈ నాలుగు ఊళ్ళూ కలిసి ప్రాగ్ వెళ్ళొచ్చాయి. శని, ఆదివారాలు రెండు రోజులు. మనిషికి అరవై యూరోలు దాటకూడదని తెనాలి ఒక కాగితం మీద రాసి నలుగురి చేతా సంతకాలు పెట్టించాడు. వాళ్ళ నాన్నగారు చిట్టీలు నడుపుతారు. రక్తంలో ఉంది.

అరవై ఎందుకో చెప్పాలి. జర్మనీకి చదువుకోడానికి వచ్చేవాడు ఏడాది ఖర్చంతా ముందే ఒక ఖాతాలో పోసి తాళం వెయ్యాలి. బ్లాక్డ్ అకౌంట్ అంటారు. మా లెక్కకి అది 11,904 యూరోలు. అందులోంచి నెలకి 992 చొప్పున మనకి వదులుతారు. మన డబ్బే మనకి జీతంలా వస్తుంది, అదీ బ్యాంకు దగ్గర అప్పు చేసి పోసిన డబ్బు. గది అద్దె, ఇన్సూరెన్సు, బియ్యం, కందిపప్పు పోను మిగిలేది ఎంతో, అందులోంచి నిర్లక్ష్యంగా ఖర్చు పెట్టగలిగింది అరవై.

మా కెమ్నిట్స్ నడిబొడ్డున కార్ల్ మార్క్స్ తల ఉంది. మొండెం లేదు, తల ఒక్కటే, ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు. 1953 నుంచి 1990 దాకా ఊరికి కూడా ఆయన పేరే. పెట్టుబడి మీద అంత లావు పుస్తకం రాసినాయన ముందు నిలబడి మా పెట్టుబడి లెక్కేసుకున్నాం. డ్రెస్డెన్ దాకా రైలు సెమిస్టర్ టికెట్ మీద ఊరికే వస్తుంది. అక్కణ్ణుంచి ప్రాగ్‌కి రెండు గంటల బస్సు. పొద్దున తొమ్మిదింటి బస్సుకి పదిహేను యూరోలు, తెల్లవారుజామున నాలుగుంబావు బస్సుకి తొమ్మిది. నాలుగుంబావు బస్సు ఎక్కాలంటే రాత్రే డ్రెస్డెన్ చేరి స్టేషన్లో జాగారం చెయ్యాలి.

"ఆరు యూరోలంటే ఆరొందలు. ఆరొందలకి మన దగ్గర జాగారం చెయ్యనివాడు ఎవడ్రా?" అన్నాడు తెనాలి.

చేశాం. డ్రెస్డెన్ స్టేషన్ కప్పు గురించి ఆర్కిటెక్చర్ వాళ్ళు గొప్పగా చెబుతారు. నార్మన్ ఫోస్టర్ సంస్థ చేసిన పని, గాజునార బట్టకి టెఫ్లాన్ పూసి పైన పరిచారు. మా వంటింటి పెనం మీద ఊడిపోయిన టెఫ్లాన్ అంతా ఇక్కడికొచ్చి చేరిందన్నమాట. అందంగానే ఉంది, కానీ అందానికి చలి ఆగదు. ఒంటిగంటకొక కాఫీ, మూడింటికొక కాఫీ తాగాం. కాఫీ మూడున్నర యూరోలు. ఆరు ఆదా చెయ్యడానికి ఒక్కొక్కరికి ఏడు ఖర్చయింది. ఈ సంగతి మొదట గమనించినవాడు అనంతపురం. "ఊరికే ఉండండప్పా" అని మళ్ళీ తనే మమ్మల్ని ఊరుకోబెట్టాడు.

ప్రాగ్‌లో దిగేసరికి ఆరున్నర. నిజామాబాద్ మొహం చూస్తే కాఫీల ప్రభావం తెలుస్తోంది. మరుగుదొడ్డి దొరికింది, కానీ దానికొక గేటు, గేటుకొక చిల్లు, చిల్లులో ఇరవై క్రౌన్లు. చెక్ దేశం 2004లోనే యూరోపియన్ యూనియన్లో చేరింది గానీ యూరోలోకి రాలేదు. పాతికో పరకో క్రౌన్లయితే ఒక యూరో. యూరో అంటే వంద రూపాయలు. అంటే క్రౌను నాలుగు రూపాయలు. ప్రతి ధరనీ ముందు పాతికతో భాగించి, తరవాత వందతో గుణించి, ఆ తరవాత బాధపడాలి. ఇరవై క్రౌన్లంటే ఎనభై రూపాయలు.

"ఎనభై రూపాయలా? గోడలు లేవా ఏందిర భై ఈ ఊళ్ళె!" అన్నాడు నిజామాబాద్. గోడలున్నాయి. ఐదారొందల ఏళ్ళ నాటివి, యునెస్కో జాబితాలో ఉన్నవి. వాటి జోలికి పోకూడదు.

ఎదురుగా తెరిచి ఉన్న మొదటి మారకం కొట్లోకి పరిగెత్తాడు. బోర్డు మీద కమిషన్ సున్నా అని నా తలకాయంత అక్షరాలతో ఉంది. ఇరవై యూరోలిస్తే మూడొందల నలభై క్రౌన్లు చేతిలో పెట్టారు. యూరోకి పదిహేడు. కమిషన్ నిజంగానే తీసుకోలేదు, తీసుకోవలసిందంతా రేటులోనే తీసుకున్నారు. ఇటువంటి కొట్ల బాధ పడలేకే 2019 నుంచి అక్కడొక నియమం పెట్టారట. మార్చుకున్న మూడు గంటల్లోపు రసీదు పట్టుకెళితే లావాదేవీ రద్దు చేసి డబ్బు వెనక్కివ్వాలి. ఈ సంగతి మాకు హాస్టల్ రిసెప్షన్లో ఉన్న అమ్మాయి చెప్పింది. "ఎన్నింటికి మార్చారు?" అంది. ఏడింటికి అన్నాం. గోడ గడియారం చూసింది. పదకొండు. మా వంక జాలిగా చూసి తాళం చెవులిచ్చింది.

తెనాలి అప్పటికే లెక్క తేల్చేశాడు. రేటులో పోయింది నూట అరవై క్రౌన్లు, గేటులో వేసింది ఇరవై. వెరసి నూట ఎనభై. "ఒరే నిజామాబాదూ, పొద్దున నువ్వు పోసింది ఏడొందల ఇరవై రూపాయలరా" అన్నాడు. అప్పట్నుంచి ఆదివారం సాయంత్రం దాకా నిజామాబాద్ మంచినీళ్ళు కూడా ఆలోచించి తాగాడు.

పదకొండుకి ముందే ఊరు సగం చూసేశాం. ఊరికే దొరికేవన్నీ చూడాలన్నది మా సిద్ధాంతం. పాత బజారు కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. అందులో సూర్యుడు, చంద్రుడు, రాశులు. సరిగ్గా గంట కొట్టే వేళకి అస్థిపంజరం తాడు లాగి గంట మోగిస్తుంది, పైన రెండు కిటికీలు తెరుచుకుని అపొస్తలులు ఒకరి వెనక ఒకరు తొంగిచూసి వెళతారు, చివర్న కోడి కూస్తుంది. అంతా కలిపి నిమిషం కూడా పట్టదు. కింద వందల మంది ఫోన్లెత్తుకుని నిలబడ్డారు.

"ఇంతేనా అప్పా?" అన్నాడు అనంతపురం.

నిజామాబాద్ ఊళ్ళోకి వచ్చాక మొదటిసారి నవ్వాడు. "మా సాలార్‌జంగ్ మ్యూజియంల గడ్డపాయన వస్తడు చూడు, ఆయన నయం. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొడ్తడు. ఎన్కటికెల్లి ఒక్కడే చేస్తుండు. ఈడ పన్నెండు మందిని పెట్టిన్రు, పని మాత్రం కోడి చేసింది." ఈ గడియారం చేసినవాడు ఇంకోచోట ఇలాంటిది చెయ్యకుండా కళ్ళు పొడిపించేశారని ఒక కథ చెబుతారు. చరిత్రకారులు కొట్టిపారేస్తారు. ప్రతి దేశంలోనూ గొప్ప కట్టడానికి ఇలాంటి కథ ఒకటి ఉండితీరాలేమో, మన దగ్గర చేతులు నరికిస్తారు. ఊరికే వస్తున్న ప్రదర్శన కాబట్టి పదింటికి ఇంకోసారి చూశాం.

ఈ రెండు ప్రదర్శనల మధ్యా చార్లెస్ వంతెనకి వెళ్ళొచ్చాం. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, పొద్దున 5 గంటల 31 నిమిషాలకి నాలుగో చార్లెస్ చక్రవర్తి దానికి పునాదిరాయి వేశాడని చెప్పుకుంటారు. అంకెలు వరసగా పేర్చండి: 1 3 5 7 9 7 5 3 1. మెట్లెక్కి దిగినట్టుంటుంది. తెనాలి చేతులు జోడించాడు. "ఈ రాజెవరోగానీ మనవాడేరా. పంచాంగం చూసి, వర్జ్యం తప్పించి, నిద్ర పాడుచేసుకుని మరీ రాయి వేశాడు."

ఇంకా మనవాడే అనిపించే కథ ఒకటుంది. వంతెన సున్నంలో కలపడానికి రాజ్యంలోని ఊళ్ళన్నీ కోడిగుడ్లు పంపాలని ఆజ్ఞ అయిందట. మన పాత ఇళ్ళ సున్నంలో బెల్లమూ కరక్కాయా కలిపేవారు కదా, అలాగ. వెల్వరీ అనే ఊరివాళ్ళు బాగా ఆలోచించి, దారిలో పగిలిపోతాయని గుడ్లన్నీ ఉడకబెట్టి పంపారట. ఈ కథ నేను చదివి వినిపిస్తుంటే మావాళ్ళెవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ క్షణంలో మా సంచిలో పులిహోర డబ్బా పక్కన పన్నెండు ఉడకబెట్టిన గుడ్లున్నాయి. దారిలో పగలకుండా ఉడకబెట్టినవే. వెల్వరీవాళ్ళ మీద నవ్వే హక్కు మాకు లేదు. వంతెన గోడకి ఆనుకుని తొమ్మిది తిన్నాం. అనంతపురానికి శనివారం గుడ్డు కూడా నిషేధం. వాడి మూడూ వాడు జేబులో వేసుకుని అర్ధరాత్రి దాటేదాకా కాపాడుకున్నాడు.

ఇక ఫొటోలు. మా నలుగురిలో చూడబుల్‌గా ఉన్న కోటు ఒకటే, తెనాలిది. పొడుగ్గా, నల్లగా, కాలరెత్తితే సినిమా హీరోలా ఉంటుంది. వంతెన మీద ముప్ఫై విగ్రహాలుంటే ఒక్కో విగ్రహం దగ్గరా ఆ కోటు నలుగురి ఒంటి మీదకీ మారింది. ఒకడు కోటులో నవ్వుతుంటే ముగ్గురు స్వెట్టర్లలో వణుకుతూ ఫొటో తీసేవారు. కింద వల్టవా నది మీంచి వచ్చే గాలికి ఎవరు వణుకుతున్నారో ఫొటోలో తెలీదు. నిజామాబాద్ నడుము దగ్గర మాత్రం బొత్తాం పట్టలేదు, అందుకని వాడు ఫొటోలన్నిట్లోనూ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నట్టుంటాడు.

వంతెన మీద నెపోముక్ జాన్ అనే మహనీయుడి విగ్రహముంది. 1393లో ఆయన్ని ఈ వంతెన మీంచే నదిలోకి తోయించారు. విగ్రహం కింద కంచు పలకని తాకితే మళ్ళీ ప్రాగ్ వస్తారని నమ్మకం. లక్షల చేతులు తాకి తాకి ఆ చోట బంగారంలా మెరుస్తోంది. ముగ్గురం తాకాం. అనంతపురం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మళ్ళీ రావాలంటే మళ్ళీ అరవై కదప్పా."

సాయంత్రం ఒక సెల్లార్ హోటల్లో కూర్చున్నాం. ప్రపంచంలో తలసరి బీరు తాగడంలో చెక్కులదే మొదటి స్థానం. మేం కూర్చున్నచోట సీసా నీళ్ళకంటే బీరే చవక. శనివారం కాబట్టి అనంతపురం నీళ్ళు తాగాడు, కాబట్టి ఆ పూట అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టినవాడు వాడే. మెనూలో మాంసం లేనిది ఒకటే, స్మజెనీ సీర్. జున్నుముక్కకి రొట్టెపొడి అద్ది నూనెలో వేయించి పక్కన టార్టార్ సాస్ పెడతారు. మిరపకాయ లేని మిరపకాయ బజ్జీ అనుకోండి. సగం తిన్నాక, రొట్టెపొడి అంటుకోడానికి ముందు గుడ్డుసొనలో ముంచుతారని తెనాలి చెప్పాడు. అనంతపురం చాలాసేపు ప్లేటు వంక చూశాడు. "స్వామికి చెక్ భాష రాదులేప్పా" అని మిగతా సగం పూర్తి చేశాడు.

హాస్టల్లో గదికి పన్నెండు మంచాలు. తువ్వాలుకి అద్దె. తెచ్చుకున్నాం. గురక మాత్రం ఉచితం.

ఆదివారం కోటకి 22వ నంబరు ట్రాము ఎక్కాం. ఇక్కడ టికెట్ కొంటే సరిపోదు. ట్రాములో పసుపు మిషనులో పెట్టి ముద్ర వేయించుకోవాలి, ఆ క్షణం నుంచే టైము మొదలు. ముగ్గురం వేయించుకున్నాం. తెనాలి వేయించుకోలేదు. "ముద్ర పడకపోతే ఇది ఎప్పటికీ కొత్త టికెట్టే కదరా, సాయంత్రం కూడా పనికొస్తుంది" అన్నాడు. లెక్కగా చూస్తే వాడన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మూడు స్టాపుల తరవాత మా పక్కన సంచీ పట్టుకు నిలబడ్డ పెద్దాయన జేబులోంచి బిళ్ళ తీసి చూపించాడు. తెనాలి ఎంతో గర్వంగా కొత్త టికెట్ తీసి ఇచ్చాడు. జరిమానా, మంచం అద్దెకి మూడింతల పైనే.

అందువల్ల కోట ప్రాంగణం ఊరికే చూశాం గానీ, సెయింట్ వీటస్ చర్చి లోపలికి టికెట్ కొనే స్థితి లేకపోయింది. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు. అనంతపురం మెడ ఎత్తి గోపురాల వంక చూసి, "ఐదొందల ఎనభై ఐదేళ్ళా? మా కాలవ పనులు నయమప్పా, ఇంకా టైముంది" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా, ఖర్చులు పంచే యాప్ స్ప్లిట్‌వైజ్ గొడవే. జరిమానా నలుగురం పంచుకోవాలని తెనాలి. నీ తెలివికి మేమెందుకు కట్టాలని మేం. సరిహద్దులో జర్మన్ పోలీసులు బస్సెక్కి పాస్‌పోర్టులు చూస్తున్నంతసేపూ సంధి, దిగగానే మళ్ళీ మొదలు. రాత్రి గదికి చేరేసరికి యాప్‌లో కొత్త పద్దు కనిపించింది: "కోటు అద్దె, ముగ్గురికి." మొత్తం చూస్తే జరిమానాకి క్రౌను ఎక్కువ కాదు, క్రౌను తక్కువ కాదు. ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ కొట్టెయ్యలేదు.

సోమవారం మా నాన్న ఫోను చేశాడు. వంతెన మీద ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడట.

"ఫొటో మంచిగుందిరా. బ్యాంకు మేనేజరుగారు కూడా చూసిండు."

"ఏమన్నాడు?"

"మీవాడు సెటిలైనట్టున్నడు, లోను వడ్డీ ఇప్పట్నుంచే కట్టొచ్చుగా అన్నడు."

"నాన్నా, ఆ కోటు నాది కాదు."

కాసేపు అటునుంచి మాట లేదు.

"మరి నీకు కోటు లేదారా?" అన్నాడు.