ఎడారిలో మంచు, మడిలో ఉప్పు

ఈమధ్య ఫ్యాషన్ మారింది. దుబాయ్ వెళ్లిన చుట్టాలు బుర్జ్ ఖలీఫా ముందు మెడ విరుచుకుని ఫొటో దిగడం మానేశారు. ఇప్పుడు షాపింగ్ మాల్‌లో, అద్దె కోటులో, కాళ్లకు రెండు పొడుగు పలకలు తగిలించుకుని మంచు మీద జారుతున్నారు. జారడం కంటే పడటమే ఎక్కువ. ఆ వీడియో పలాస, కాశీబుగ్గ, టెక్కలి ఫోన్లన్నీ చుట్టి ఉప్పు పండించే నౌపడకీ చేరుతుంది. చూసినవాళ్లు ఆహా అనాలి. అనకపోతే కుళ్లుబోతులంటారు.

సరే, ఆహా. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో స్కీ దుబాయ్ 2005లో తెరిచారు. విస్తీర్ణం 22,500 చదరపు మీటర్లు, అన్నిటికంటే పొడుగైన జారుడు దారి 400 మీటర్లు. బయట 45 డిగ్రీల ఎండ, లోపల సున్నాకు దిగువ. రాత్రి జనం వెళ్లాక చలి ఇంకా పెంచి నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతారు. నేల తాకేలోగా అది గడ్డకడుతుంది. హిమాలయం అక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టగలిగితే చాలు.

ఇక్కడే నౌపడవాళ్లకు అనుమానం రావాలి. ఆ నీళ్లెక్కడివి? దుబాయ్‌కి నది లేదు. కుళాయి నీళ్లు దాదాపు అన్నీ సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేస్తే వచ్చినవే. అంటే సముద్రాన్ని తోడాలి, ఇంధనం తగలేసి ఉప్పు విడగొట్టాలి, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని మళ్లీ సముద్రంలో కలపాలి, మంచినీటిని మళ్లీ కరెంటు పెట్టి గడ్డకట్టించాలి. ఇదంతా ఎవరో బావగారు బోర్లా పడటానికి.

నౌపడ ఉప్పు మడుల్లో పని సరిగ్గా దీనికి తలకిందులు. ఉప్పునీరు మడుల్లోకి పెట్టి ఎండకు వదిలేస్తారు. నీరు పోతుంది, ఉప్పు పేరుతుంది. దాన్ని లాగి గట్ల మీద కుప్పలు పోస్తారు. తెల్లటి కొండలు నౌపడకూ ఉన్నాయన్నమాట. ఎక్కి జారితే కాలి పగుళ్లు మండుతాయి, అంతే తేడా. ఒక్క అకాల వర్షానికి ఆ కొండలు కరిగిపోతాయి. రాత్రికి రాత్రి మళ్లీ చిమ్మిపెట్టే యంత్రం ఉప్పు రైతుకు లేదు.

ఉప్పుకూ మంచుకూ ఉన్న చుట్టరికం అంతటితో ఆగలేదు. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద దాన్ని కరిగించడానికి చల్లేది ఉప్పే. స్కీ పందేల్లో ఎండకు వాలు మెత్తబడితే గట్టిపడటానికి చల్లేదీ ఉప్పే: పై పొర కాస్త కరిగి, కింది పొరల వేడి లాక్కుని, మళ్లీ బిగుస్తుంది. మంచు చేయాలంటే ఉప్పు తీయాలి, పోగొట్టాలంటే ఉప్పు వేయాలి, పోకుండా ఆపాలన్నా ఉప్పే వేయాలి. సంతబొమ్మాళి మండలం ఉప్పు రైతును సలహాదారుగా పెట్టుకోకపోవడం స్కీ సంఘాల దురదృష్టం.

స్కీ దుబాయ్‌లో పెంగ్విన్లూ ఉన్నాయి, టికెట్టు కొని చూడాలి. నౌపడ దగ్గరి తేలినీలాపురం చెట్ల మీదికి పెలికాన్లు ఏటా వాటంతటవే వస్తాయి.

వెటకారం చాలు. స్కీ దుబాయ్ తెరిచిన 2005లోనే యూఏఈ మరో నియమం తెచ్చింది: నడివేసవి మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని. ఇప్పుడది జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడు వరకు. మనిషికి రెండున్నర గంటల నీడ దక్కాలంటే చట్టం కావాలి. మంచుకు మాత్రం ఏడాది పొడుగునా చల్లదనం, అడగకుండానే. గల్ఫ్ ఎండలో వెల్డింగ్ చేసేవాళ్లలో, పైపులు బిగించేవాళ్లలో పలాస చుట్టుపక్కల ఉద్దానం కుర్రాళ్లున్నారు. అప్పు చేసి ఏజెంటుకు కట్టి వెళ్లినవాళ్లు. వాళ్ల ఊళ్లలో దశాబ్దాలుగా కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అనుమానాల్లో ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం ఉన్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమైంది 2023 డిసెంబరులో. తాగే నీటికి అన్నేళ్లు! సిగ్గుపడాల్సింది ఎవరో వేరే చెప్పాలా?

దుబాయ్ ఒక్కదాన్నే అనడమూ అన్యాయం. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ దాదాపు మొత్తం యంత్రపు మంచు మీదే నడిచాయి. అదే ఏడాది అక్టోబరులో ఆసియా ఒలింపిక్ మండలి 2029 ఆసియా శీతాకాల క్రీడలను సౌదీ ఎడారి కొండల్లోని ట్రొజెనాకు అప్పగించింది. 2026 జనవరిలో వాయిదా వేశారు. మంచుకు ముహూర్తం కుదరలేదు కాబోలు.